చెవెల్ సస్పెన్షన్ సెట్టింగ్: వారమంతా రోడ్డు మీద, వీకెండ్ డ్రాగ్ స్ట్రిప్ మీద

ఇంజిన్ మీద పోసిన డబ్బంతా డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే పావు మైలు తిన్నగా పోయే రేసు ట్రాక్ మీద, పచ్చలైటు పడగానే వెనక టైర్ల దగ్గర పొగైపోతుంటే, గొడవ ఇంజిన్‌ది కాదు, సస్పెన్షన్‌ది. ఇక్కడ చెప్పేదంతా 1968 నుంచి 1972 దాకా వచ్చిన రెండు డోర్ల షెవర్లే చెవెల్ గురించి. అదే జీఎం ఏ-బాడీ ఛాసిస్ మీద వచ్చిన పాంటియాక్ జీటీఓ, ఓల్డ్స్ 442, బ్యూక్ జీఎస్ ఉన్నవాళ్లకి కూడా దాదాపు అంతా పనికొస్తుంది. తొలి తరం కమారో, మస్టాంగ్ వాళ్లకి మాత్రం వెనక కాయిల్ స్ప్రింగులు ఉండవు, మన లారీలకున్నట్టు కమాన్ కట్టలు ఉంటాయి, కాబట్టి వెనక ఆర్మ్‌ల (యాక్సిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే చేతుల) సంగతి వదిలేసి ముందు భాగం, షాకులు (షాక్ అబ్జార్బర్లు), ట్రాక్ మీద చేసేవి చదువుకోండి.

ఈ కార్లని తయారు చేసినప్పుడు కంపెనీ మనసులో ఉన్నది ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైవే మీద మెత్తగా పోవడం. అదే కారులో 1970లో 450 హార్స్‌పవర్ అని రాసిచ్చిన ఎల్‌ఎస్6 454 ఇంజిన్ పెట్టి అమ్మారు, కింద ఏర్పాటు మాత్రం మూలంలో అదే. పైగా మనం దాన్నించి రెండు పనులు అడుగుతున్నాం, ఆ రెండూ ఒకదానికొకటి పడవు. లాంచ్ అయ్యేటప్పుడు, అంటే నిలబడ్డ కారు ఒక్కసారిగా ముందుకి దూకేటప్పుడు, ముందు భాగం తేలిగ్గా లేవాలి, లేచింది నెమ్మదిగా దిగాలి, ఆ బరువు వెనక టైర్ల మీద పడాలి. బైకు ఒక్కసారిగా లాగితే వెనక కూర్చున్నవాడు వెనక్కి వాలిపోతాడు చూడండి, ఆ వాలడమే మనకి ఇక్కడ కావాలి. రోడ్డు మీద మలుపులో, బ్రేకు కొట్టినప్పుడు సరిగ్గా దీనికి వ్యతిరేకం: ముందు భాగం లేవకూడదు, ఊగకూడదు, వెనక భాగం తోక తిప్పకూడదు.

చాలామంది చేసే పని ఏమిటంటే, డ్రాగ్ పార్టులన్నీ కొని బిగించేసి, తర్వాత గ్రోసరీ స్టోర్‌కి వెళ్లాలన్నా భయపడుతూ నడపడం. నా పద్ధతి వేరు. బుష్‌లు (ఆర్మ్‌ల చివర్లలో ఉండే రబ్బరు కీళ్లు), ఆర్మ్‌లు, స్ప్రింగులు, అలైన్‌మెంట్ ఒక్కసారి రోడ్డుకే సెట్ చేసి వదిలేయాలి, ట్రాక్‌కి వెళ్లినప్పుడు మార్చేవి మూడే ఉండాలి: షాకుల నాబ్‌లు, గాలి (టైర్లలోదీ, వెనక స్ప్రింగుల్లో పెట్టే ఎయిర్ బ్యాగుల్లోదీ), ముందు స్వే బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు. నాలుగోది కూడా మార్చాల్సి వస్తోందంటే కింద ఏదో సరిగ్గా కట్టలేదన్నమాట. ఇంకో మాట, "స్ట్రీట్" అంటే ఇక్కడ రోడ్డు మీద మామూలుగా నడపడం, రోడ్డు మీద రేసు కాదు. దానికి ట్రాకులున్నాయి.

మొదట: పాతవి చూడండి, కొత్తవి కొనకండి

పార్టుల వెబ్‌సైట్ కాసేపు మూసేయండి. చదునైన కాంక్రీటు మీద కారు లేపి, ఫ్రేమ్ కింద జాక్ స్టాండ్లు పెట్టి, ఒకసారి చేత్తో గట్టిగా ఊపి చూసి అప్పుడు కిందకి వెళ్లండి (జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా మంచిది కాదు). ఒక ప్రై బార్ తీసుకుని వెనక నాలుగు ఆర్మ్‌ల బుష్‌ల దగ్గర ఒక్కొక్కచోట ఎత్తి చూడండి. రబ్బరు పగిలి ఉంటే, లోపలి ఇనుప స్లీవ్ మధ్యలో లేకుండా ఒక పక్కకి జారి ఉంటే, ఆ బుష్ అయిపోయినట్టే. యాభై ఏళ్లు దాటిన కారులో అవి బాగుంటే ఆశ్చర్యపడాలి.

తర్వాత పై ఆర్మ్‌లు ఫ్రేమ్‌కి తగులుకునే క్రాస్‌మెంబర్ తుడిచి టార్చ్ వేసి చూడండి. బోల్టు రంధ్రం చుట్టూ వెంట్రుకంత సన్నగా తుప్పు రంగు గీత కనిపిస్తే అది పెయింట్ గీత కాదు, చీలిక. యాక్సిల్ మీద పై ఆర్మ్‌లు బిగించే చెవుల దగ్గర కూడా అలాగే చూడాలి. చీలిక ఉంటే ముందు వెల్డింగ్ సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

కింది ఆర్మ్‌లు మామూలు కార్లలో రేకు వంచి చేసినవి, కింద తెరిచి ఉంటాయి, మెలి పడితే వంగుతాయి. ఫ్యాక్టరీ వెనక స్వే బార్ ఉన్న కార్లకి మాత్రం మూసి వెల్డ్ చేసినవి వచ్చాయి. మీవి తెరిచి ఉన్నవైతే అడుగున ప్లేటు వెల్డ్ చేయించండి, లేదా ట్యూబులతో చేసినవి కొనండి. ఇంత తక్కువ ఖర్చులో ఇంత తేడా చూపించే పని ఈ కారులో ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక పాలీయురేథేన్ (రబ్బరు బదులు వాడే గట్టి ప్లాస్టిక్, పొట్టిగా పాలీ) బుష్‌ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఈ కారు వెనక పై ఆర్మ్‌లు తిన్నగా ఉండవు, యాక్సిల్ మధ్యలో దగ్గరగా మొదలై ఫ్రేమ్ వైపు వెడల్పుగా విచ్చుకుంటాయి, యాక్సిల్‌ని పక్కలకి జరగకుండా పట్టుకునేది ఆ వాలే. దాంతో ఒక చక్రం పైకి లేచి ఇంకోటి కిందకి దిగినప్పుడల్లా పై బుష్‌లు మెలి తిరగాల్సిందే. రబ్బరు ఆ మెలిని భరిస్తుంది, గట్టి పాలీ భరించదు, పట్టేస్తుంది. అప్పుడు మలుపు మధ్యలో వెనక భాగం ఒక్కసారిగా గట్టిపడి తోక విసురుతుంది. కాబట్టి కింది ఆర్మ్‌లకి పాలీ పెట్టినా ఫర్వాలేదు, పైవాటికి కనీసం యాక్సిల్ వైపైనా మంచి రబ్బరో, గోళం లాగా అన్ని వైపులా తిరిగే స్ఫెరికల్ జాయింటో పెట్టండి. "నాలుగింటికీ పాలీ, ఒకే కిట్" అని అమ్మేది చవగ్గానే ఉంటుంది, తీసుకోకండి.

రబ్బరు బుష్‌లు మార్చాక బోల్టులు గాల్లో బిగించొద్దు. కారు దించి, బరువు చక్రాల మీద పడ్డాక, షాప్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారం బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే దించగానే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది.

రెండోది: కొలవండి

సగం ట్యాంకు పెట్రోలు, టైర్లలో సరైన గాలి, డ్రైవర్ సీటులో మీ అంత బరువు. బరువుకి ఏం పెట్టాలా అని ఆలోచించక్కర్లేదు, అమెరికాలో మన ఇళ్లల్లో 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఎప్పుడూ ఉంటాయి, లెక్క కూడా తేలిక. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే రేపు టైరు మార్చినప్పుడు ఆ అంకె పనికిరాదు.

ఇప్పుడు అసలు లెక్క. కారు వెనక భాగాన్ని పక్కనుంచి చూస్తే పై ఆర్మ్ ఒక గీత, కింది ఆర్మ్ ఒక గీత. రెండింటినీ ముందుకి పొడిగిస్తే ఎక్కడో కలుస్తాయి. యాక్సిల్ కారుని ఎక్కడ పట్టుకుని తోస్తోందో చెప్పే బిందువు అది, దాన్ని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. రెండు ఆర్మ్‌ల చివరలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో, వెనక యాక్సిల్ నుంచి ఎంత ముందుకున్నాయో కొలిచి గ్రాఫ్ పేపర్ మీద గీయండి. తర్వాత ఈ పోలిక చూడండి: రెండు డోర్ల చెవెల్ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 112 అంగుళాలు. కారు గురుత్వ కేంద్రం ఎత్తు సుమారుగా క్యామ్‌షాఫ్ట్ ఎత్తులో ఉంటుందని అందరూ వేసుకునే అంచనా, 21 అంగుళాలు అనుకుందాం. వెనక టైరు నేలకి తగిలే చోటు నుంచి ముందు యాక్సిల్ దగ్గర 21 అంగుళాల ఎత్తుకి ఒక గీత గీస్తే, సగం దూరంలో అంటే 56 అంగుళాల దగ్గర ఆ గీత 10.5 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మీ ఇన్‌స్టంట్ సెంటర్ ఈ గీత మీద ఉంటే యాంటీ స్క్వాట్ (వెనక భాగం కుంగకుండా ఆర్మ్‌లు ఆపే గుణం) 100 శాతం, లాంచ్‌లో వెనక భాగం లేవదు, కుంగదు. గీత కింద ఉంటే కుంగుతుంది. పైన ఉంటే వెనక బాడీ పైకి లేస్తూ టైరుని నేలకి కొడుతుంది.

వెనక భాగం బాగా కుంగితే బరువు బాగా పడినట్టు కనిపిస్తుంది కానీ, అది చూపు మోసం. వెనక్కి వచ్చే బరువు దాదాపు గురుత్వ కేంద్రం ఎత్తు, వీల్‌బేస్, కారు ఎంత త్వరగా వేగం అందుకుంటుందనే దాన్నిబట్టే ఉంటుంది. ఆ బరువు టైరుకి ఎంత త్వరగా, ఎంత గట్టిగా తగులుతుందన్నదే ఆర్మ్‌లు నిర్ణయించేది.

మూడోది: వెనక ఆర్మ్‌లు, ఎయిర్ బ్యాగు

యాంటీ స్క్వాట్ పెంచడానికి రెండు దారులు. పై ఆర్మ్ వెనక చివరని యాక్సిల్ మీద ఇంకాస్త పైకి లేపే నో-హాప్ బార్లు ఒకటి, కింది ఆర్మ్ వెనక చివరని కిందకి దించే బ్రాకెట్లు ఇంకోటి. రెండూ పనిచేస్తాయి, రెండింటికీ రోడ్డు మీద మూల్యం ఉంది. కింది ఆర్మ్ వెనక్కి వాలేకొద్దీ, మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం వెనక్కి, లోపలి చక్రం ముందుకి జరిగి, వెనక యాక్సిల్ తనంతట తానే స్టీరింగ్ తిప్పినట్టు అవుతుంది. యాంటీ స్క్వాట్ మరీ ఎక్కువైతే గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి.

అందుకని, రోడ్డు మీద నడిపే కారుకి కింది ఆర్మ్‌లు నేలకి దాదాపు సమాంతరంగా ఉంచండి, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. కారు ఫ్యాక్టరీ ఎత్తులోనే ఉండి, 12 సెకన్ల ప్రాంతంలో క్వార్టర్ మైలు పోతుంటే, గట్టి కింది ఆర్మ్‌లు, మంచి బుష్‌లు చాలు. లాంచ్‌లో చక్రాలు దడదడ ఎగురుతుంటే, అంటే వీల్ హాప్ ఉంటే, అప్పుడు నో-హాప్ బార్లు పెట్టండి. వీల్ హాప్‌ని భరిస్తూ పోవద్దు, అది యాక్సిల్ షాఫ్టుల్ని, రింగ్ గేర్ పళ్లని విరగ్గొడుతుంది. బార్లు పెట్టాక కారు పూర్తిగా కుంగినప్పుడు పై ఆర్మ్‌లు ఫ్లోర్‌కి తగులుతున్నాయేమో తప్పక చూడాలి. కారుని స్టైలు కోసం కిందకి దించినవాళ్లకి ఆర్మ్‌ల వాలు ఇప్పటికే చెడిపోయి ఉంటుంది, వాళ్లకి ఇవి దాదాపు తప్పనిసరి.

కుడి వెనక స్ప్రింగు లోపల పెట్టే ఎయిర్ బ్యాగు (గాలి నింపే రబ్బరు తిత్తి) పాతకాలపు ఉపాయం, ఇప్పటికీ డబ్బుకి తగ్గ పని చేస్తుంది. ఇంజిన్ బలాన్ని వెనక్కి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ తిరిగే బలానికి యాక్సిల్ మెలి తిరిగి కుడి టైరు మీద బరువు తగ్గుతుంది, ఎడమ టైరు మీద పెరుగుతుంది, బాడీ కుడి వెనక మూలకి ఒరుగుతుంది. కుడి బ్యాగులో గాలి పెంచితే ఆ మూల ముందే బిగిసి ఉంటుంది. రెండు పక్కలా బ్యాగులు పెట్టి, విడివిడిగా గాలి గొట్టాలు ట్రంకులోకి తెచ్చుకోండి. ఎడమ 5 పీఎస్ఐ, కుడి 10 నుంచి 15తో మొదలుపెట్టండి. లాంచ్‌లో కారు ఎడమకి లాగితే తగ్గించి, కుడికి లాగితే పెంచి చూడండి. రోడ్డు మీద రెండూ 5 దగ్గర సమానంగా ఉండాలి. బ్యాటరీని ట్రంకులో కుడి పక్కకి మార్చినా కొంత సాయం, కానీ అప్పుడు కారు బయట వెనకవైపు మెయిన్ కటాఫ్ స్విచ్ ఉండాలన్నది ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే సంఘం) నిబంధన.

ఆర్మ్‌లు తేలాక పినియన్ యాంగిల్, అంటే డ్రైవ్ షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముక్కు వాలు. యాక్సిలరేటర్ నొక్కగానే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది, కాబట్టి ముందే కాస్త కిందకి వంచి ఉంచాలి. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో డ్రైవ్ షాఫ్ట్ వాలు, పినియన్ వాలు కొలిచి తేడా చూడండి. రబ్బరు బుష్‌లైతే షాఫ్ట్‌తో పోలిస్తే 2 నుంచి 3 డిగ్రీలు కిందకి, స్ఫెరికల్ జాయింట్లైతే 1 నుంచి 2 చాలు. అడ్జస్టబుల్ పై ఆర్మ్‌లు తిప్పేటప్పుడు రెండు పక్కలా సమానంగా తిప్పాలి, లేకపోతే యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. హైవే వేగంలో సీటు కింద సన్నని వణుకు మొదలైతే యాంగిల్ ఎక్కువైనట్టే, అర డిగ్రీ వెనక్కి రండి.

నాలుగోది: ముందు భాగం

ముందు స్ప్రింగులు ఎంత గట్టిగా ఉంటే అంత రేసు కారు అనుకోవడం పెద్ద అపోహ. లాంచ్‌లో ముందు భాగాన్ని లేపడానికి తోడ్పడేది బాగా నొక్కుకుపోయి ఉన్న పొడవైన మెత్తని స్ప్రింగే. అందుకే బిగ్ బ్లాక్ (పెద్ద వీ8 ఇంజిన్) కార్లకి ఆరు సిలిండర్ల చెవెల్ స్ప్రింగులు వేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మీరు రోడ్డు మీద కూడా నడపాలి కాబట్టి అంత దూరం వెళ్లకుండా, స్మాల్ బ్లాక్ (చిన్న వీ8) స్ప్రింగుతో ఎత్తు సరిపోతుందేమో చూడండి. కోయాల్సి వస్తే సగం చుట్టు చొప్పున కోసి, ప్రతిసారీ బిగించి కొలవాలి. మంట పెట్టి కుంగదీయడం మాత్రం వద్దు, ఉక్కు చచ్చిపోతుంది. స్ప్రింగు తీసేటప్పుడు కంప్రెసర్ వాడి, గొలుసుతో కంట్రోల్ ఆర్మ్‌కి కట్టేయండి, అది ఎగిరిందంటే ప్రాణం మీదకే వస్తుంది.

ముందు చక్రం ఎంత వేలాడగలదో కూడా చూడండి. పై ఆర్మ్ కింద రబ్బరు దిమ్మ ఫ్రేమ్‌కి తగిలి ఆగిపోతుంది, దాన్ని కొంచెం కోస్తే ఇంకో అంగుళం దొరుకుతుంది. కోసే ముందు చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా, బాల్ జాయింట్ చివరికి తగులుతోందా చూసుకోవాలి.

అలైన్‌మెంట్ దగ్గర షాపువాడు కంప్యూటర్‌లో 1970 అని కొట్టి ఫ్యాక్టరీ అంకెలు పెట్టేస్తాడు. అవి బయాస్ ప్లై టైర్ల (రేడియల్స్‌కి ముందటి పాత రకం) కాలం నాటివి, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలు) సున్నా దగ్గరో, నెగటివ్‌లోనో ఉంటుంది. మీ అంకెలు కాగితం మీద రాసి చేతిలో పెట్టండి: క్యాస్టర్ పాజిటివ్ 3 నుంచి 4 డిగ్రీలు, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) సున్నా నుంచి నెగటివ్ అర డిగ్రీ, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు తిరిగిన తీరు) లోపలికి 1/16 నుంచి 1/8 అంగుళం. పై ఆర్మ్ షాఫ్ట్ వెనకాల ఉండే షిమ్‌లతో (పలుచని ఇనుప బిళ్లలతో) ఇదంతా జరుగుతుంది. వెనక బోల్టు దగ్గర షిమ్ పెంచితే, లేదా ముందు బోల్టు దగ్గర తీస్తే క్యాస్టర్ పాజిటివ్ వైపు పోతుంది, రెండు చోట్లా సమానంగా పెంచితే క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది. స్ట్రిప్ చివర గంటకి 110 మైళ్ల వేగం దగ్గర కారు తిన్నగా పోవడానికి ఈ క్యాస్టరే ఆధారం. అలైన్‌మెంట్ అయ్యాక ముందు భాగాన్ని రెండు మూడు అంగుళాలు లేపి టో ఎంత మారిందో ఒకసారి కొలిపించండి, ముందు చక్రాలు గాల్లో తేలి దిగే కారుకి అది తెలిసి ఉండాలి.

ఐదోది: షాకులు

పాత డ్రాగ్ కార్లలో ముందు 90/10 షాకులు వేసేవారు. సాగడానికి 10 వంతుల అడ్డే, ముడుచుకోవడానికి 90. లేవడం తేలిక, దిగడం కష్టం. ట్రాక్ మీద బాగుంటుంది, కానీ గతుకుల రోడ్డు మీద ముందు భాగం పైకి లేచి దిగకుండా తేలుతూ ఉంటే స్టీరింగ్ చేతిలో ఉన్నట్టే ఉండదు. బడ్జెట్‌లో ఎక్కడ ఖర్చు పెట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే, సాగడానికి ఒక నాబ్, ముడుచుకోవడానికి ఇంకో నాబ్ విడిగా ఉన్న డబుల్ అడ్జస్టబుల్ షాకులు. క్యూఏ1, వైకింగ్ లాంటివాళ్లు ఈ కారుకి తగినవి అమ్ముతున్నారు. రోడ్డుకి అన్నీ మధ్యలో పెట్టి, మీకు నచ్చే దాకా రెండు మూడు క్లిక్కులు అటూ ఇటూ తిప్పుకుని, ఆ అంకెలు గ్లోవ్ బాక్సులో ఒక కార్డు మీద రాసిపెట్టండి.

ట్రాక్ మీద

టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపించకుండా ముందే చూసుకోండి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా పోతే హెల్మెట్ ఉండాలి, అదే వేగంలో స్లిక్స్ (గాళ్లు లేని నున్నటి రేసు టైర్లు) వాడితే డ్రైవ్ షాఫ్ట్ లూప్ కూడా ఉండాలి. లూప్ ఎలాగూ పెట్టించుకోండి, ముందు యూ-జాయింట్ (షాఫ్ట్ చివరి కీలు) విరిగితే షాఫ్ట్ నేలలో గుచ్చుకోకుండా ఆపేది అదే. డాలస్ వైపు ఉన్నవాళ్లకి ఎనిస్‌లో 1986 నుంచి ఉన్న టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది, కాంక్రీటు ట్రాక్, పట్టు బాగుంటుంది. మొదటిసారి అయితే రద్దీ రేసు రోజు కాకుండా టెస్ట్ అండ్ ట్యూన్ రోజు చూసుకుని వెళ్లండి.

పిట్‌లో (ట్రాక్ దగ్గర కారు సరిచేసుకునే చోట) పని పావుగంట. ముందు స్వే బార్ ఎండ్ లింకు ఒక పక్క బోల్టు తీసి, బార్ చివరని చక్రానికి తగలకుండా గట్టిగా కట్టేయండి. బుష్‌లు, స్లీవ్, వాషర్లు వరసగా ఒక తీగకి గుచ్చి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు. ముందు షాకులు సాగడం బాగా వదులు, ముడుచుకోవడం గట్టి. వెనకవి మధ్యలోనే ఉంచండి. షాక్ రాడ్ మీద ఒక జిప్ టై బిగించి కిందకి నెడితే ఎంత కదిలిందో అదే చూపిస్తుంది. 275/60ఆర్15 డ్రాగ్ రేడియల్స్ (పట్టు ఎక్కువున్న రేసు రేడియల్ టైర్లు) అయితే 18 నుంచి 20 పీఎస్ఐతో మొదలుపెట్టి ఒక్కొక్కటి తగ్గించుకోండి. వెనక బయాస్ ప్లై స్లిక్స్, ముందు రేడియల్స్ కలపడం వద్దు, స్ట్రిప్ చివర తోక ఊగుతుంది. నీళ్ల పెట్టె (టైర్లు తడిపి, నిలబడిన చోటే తిప్పి వేడెక్కించే చోటు) చుట్టూ తిరిగి వచ్చి వెనక టైర్లు మాత్రమే తడిచేలా వెనక్కి పెట్టండి, రేడియల్స్‌కి కొంచెం పొగ వస్తే చాలు.

పక్క నుంచి స్నేహితుడి చేత వీడియో తీయించండి, స్లో మోషన్‌లో, వెనక టైరు, ముందు చక్రం రెండూ కనిపించాలి. మీరు చూడాల్సింది మొదటి 60 అడుగుల సమయం, ఎందుకంటే అక్కడ తగ్గిన పదో వంతు సెకను చివరికి వచ్చేసరికి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ముందు భాగం రివ్వున లేచి, చివర టక్కున ఆగి, చక్రాలు కిందకి కుదుపుతూ దిగుతుంటే ముందు షాకు సాగే నాబ్ రెండు క్లిక్కులు బిగించండి. ముందు భాగం దబ్బున కింద పడి సరిగ్గా అప్పుడే టైర్లు జారుతుంటే ముడుచుకునే నాబ్ బిగించండి. వెనక బాడీకి టైరుకి మధ్య సందు ఒక్కసారిగా పెరిగి, టైరు మొదట పట్టి తర్వాత వదిలేస్తుంటే యాంటీ స్క్వాట్ దెబ్బ ఎక్కువైంది, వెనక షాకు సాగడాన్ని గట్టి చేయండి. అలా కాకుండా బంపర్ కుంగిపోయి మొదటి క్షణం నుంచే టైర్లు తిరుగుతుంటే షాకుతో పని కాదు, ఇంటికెళ్లాక ఆర్మ్‌ల గ్రాఫ్ పేపర్ మళ్లీ బయటకి తీయండి. ఒక రన్‌కి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో చెప్పేవాడు లేడు.

ఇంటికి బయల్దేరే ముందు స్వే బార్ లింకు బిగించండి, నాబ్‌లు కార్డు మీద ఉన్న అంకెలకి తిప్పండి, బ్యాగులు రెండూ 5కి దించండి, టైర్లలో గాలి రోడ్డు అంకెకి నింపండి. పిట్‌లో గాలి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా చిన్న కంప్రెసర్ తీసుకెళ్లడం మేలు, తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు పక్కలు వేడెక్కి పగిలిపోతాయి. మర్నాడు వెనక ఆర్మ్‌ల బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి, గట్టి లాంచ్‌లు నాలుగు పడ్డాక అవి కొంచెం కదిలి ఉండటం మామూలే.